గేర్‌బాక్సు వేడికి లెక్క కడితే

తిరువళ్లూరు జిల్లా మింజూరు బజారుకు తెల్లారేసరికి కూరగాయలు చేర్చే బొలేరో పికప్పు, పళవేర్కాడు నుంచి రొయ్యలూ ఐసూ మోసుకొచ్చే దోస్త్, సందుల్లో సిలిండర్లు దించే టాటా ఏస్. మూడింటికీ ఎడమకాలి కింద క్లచ్ పెడల్ ఉంటుంది. వాటి యజమానులెవరైనా గేర్‌బాక్సుకు అదనపు కూలర్ పెట్టించాలనుకుంటుంటే ఆ డబ్బు దాచుకోవచ్చు. మాన్యువల్ గేర్‌బాక్సులో పళ్ల చక్రాలు ఆయిల్లో మునిగి తిరుగుతాయి, అంతే. ఆయిల్‌ను బయటికి తోసే పంపు ఉండదు, బయటికి వచ్చే గొట్టమూ ఉండదు. కూలర్ కొని తెచ్చినా తగిలించే చోటే లేదు. పుట్టే వేడి కూడా తక్కువే. చక్రాలకు 50 కిలోవాట్లు పోతుంటే గేర్ల రాపిడికి 3 శాతం ఖర్చయిందనుకున్నా ఒకటిన్నర కిలోవాటు. గేర్‌బాక్సు పైపెంకుకు తగిలే గాలే దాన్ని లాగేస్తుంది. ఈ బళ్లలో వేడికి ముందుగా బలయ్యేది క్లచ్ ప్లేటు. అది డ్రైవరు కాలి అలవాటును బట్టి ఉంటుంది. పెడల్ లేకపోయినా లోపల మాన్యువల్ గేర్‌బాక్సే ఉండే ఏఎంటీ బళ్ల సంగతీ ఇంతే.

మరి ఈ కూలర్ ఎవరికి? టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ పికప్పులకు. మన దేశంలో అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని రకాలే. వాటిలో ఒకదానికి తిరువళ్లూరు జిల్లాతో చుట్టరికం ఉంది. ఇసుజు డీ-మ్యాక్స్ మన దేశానికి వచ్చిన కొత్తలో, 2014 ప్రాంతంలో, దాన్ని బిగించింది తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులోనే. అంతకు ముందు ఆ ప్లాంటు నుంచి మిత్సుబిషి కార్లు వచ్చేవి. 2016 ఏప్రిల్‌లో ఇసుజు సొంత ఫ్యాక్టరీ తడ దగ్గర శ్రీసిటీలో మొదలైంది. మింజూరు వాళ్లకు అది దూరమేం కాదు, పొన్నేరి, గుమ్మిడిపూండి దాటితే వచ్చేస్తుంది. 2019లో డీ-మ్యాక్స్ వి-క్రాస్‌కు 1.9 లీటర్ల ఇంజిన్‌తో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. 2021 నాటి బండిలో ఆ ఇంజిన్ శక్తి 163 పీఎస్, టార్క్ 360 న్యూటన్ మీటర్లు. 2022లో వచ్చిన టయోటా హైలక్స్ ఆటోమేటిక్ టార్క్ 500 న్యూటన్ మీటర్లు, అదే బండి మాన్యువల్ అయితే 420. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఇలాంటి బళ్ల గురించి.

ఈ బళ్లలో కన్వర్టర్ లాక్ పడనంతసేపూ ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఇనుప లంకె ఉండదు. రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో ఆయిల్. ఇంజిన్ వైపు చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఆ ఊపుకు గేర్‌బాక్సు వైపు చక్రం తిరుగుతుంది. రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవు. ఆ తేడాయే జారుడు. ఆ జారుడే వేడి.

అంకెల్లో చూద్దాం. కాట్టుపళ్లి వైపు మెత్తటి ఇసుకలో, వెనక ట్రైలర్‌తో, బండి మెల్లగా ఈడ్చుకుంటూ పోతోంది. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం మీద 200 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకుందాం. రెండింటినీ గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి: 41.9. రెండో చక్రం మొదటిదాని వేగంలో 60 శాతంతో తిరుగుతోంది, టార్క్ మాత్రం 1.3 రెట్లయింది. 0.6ను 1.3తో గుణిస్తే 0.78. అంటే నూటికి 78 పాళ్లు ముందుకు పోతాయి, మిగిలిన 22 పాళ్లు ఆయిల్లో వేడిగా మిగులుతాయి. 41.9లో 22 శాతం 9.2 కిలోవాట్లు. స్నానాల గదిలో వాడే 3 కిలోవాట్ల గీజర్లు మూడు తెచ్చి, 9 లీటర్ల ఆయిల్లో ముంచి, మూడు స్విచ్‌లూ ఒకేసారి వేసినట్టు.

9 లీటర్ల ఆయిల్ బరువు 7.6 కిలోలు. కిలో ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2.1 కిలోజౌళ్లు కావాలి. కాబట్టి ఆయిల్ మొత్తానికి డిగ్రీకి 16. చుట్టూ ఉన్న లోహం 75 కిలోలు అనుకుంటే, కిలోకు 0.6 చొప్పున ఇంకో 45. కలిపి 61. సెకనుకు 9.2 కిలోజౌళ్లు వచ్చి పడుతుంటే నిమిషానికి 9 డిగ్రీలు పెరుగుతుంది. చల్లబరిచేది ఏదీ లేకపోతే 80 డిగ్రీల దగ్గరున్న ఆయిల్ ఐదు నిమిషాల్లో 125కు చేరుతుంది. ఇవి ఏ ఒక్క మోడల్ కొలతలూ కావు, ఆ తరగతి బండికి వేసిన ఉజ్జాయింపు లెక్క. అంకెలు పదో పరకో అటూ ఇటూ అయినా వేడి ఎంత తొందరగా పెరుగుతుందో తెలుస్తుంది.

ఇదే బండి వండలూరు నుంచి మింజూరు దాకా 62 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద 80 వేగంతో వస్తే కథ వేరు. ఆ వేగంలో కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటుంది, రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి, జారుడు సున్నా. బండికి 25 కిలోవాట్లు చాలు. పంపు, గేర్లు, బేరింగులు కలిసి అందులో 6 శాతం తిన్నా ఒకటిన్నర కిలోవాటు. కంపెనీ ఇచ్చిన ఏర్పాటే దానికి ఎక్కువ.

షెడ్డుల్లో తరచూ వినబడే ఇంకో మాట ఉంది: హార్బరు లారీల క్యూలో చిక్కుకుంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు కాలిపోతుందని. ఎన్నూరు, కాట్టుపళ్లి హార్బర్ల దారుల్లో కంటెయినర్ లారీల వెనక నిలబడ్డవాళ్లకు ఆ భయం సహజం. లెక్క వేస్తే సగమే నిజం. గేరు డీలో ఉండి, బ్రేకు మీద కాలుంటే ఇంజిన్ 750 ఆర్‌పీఎం దగ్గర సుమారు 25 న్యూటన్ మీటర్లు కన్వర్టర్‌లోకి పంపుతుంది. చక్రాలు కదలవు కాబట్టి అదంతా వేడే. అయినా మొత్తం 2 కిలోవాట్లు. రేడియేటర్ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ భయం లేదు, న్యూట్రల్‌లో వేస్తే ఆ వేడీ దాదాపు ఉండదు. నిలబడ్డ బండికంటే, బరువుతో పది, పదిహేను వేగంలో ఈడ్చే బండికి ఎక్కువ ప్రమాదం.

తిరుమల కొండ మాటేమిటి? మింజూరులో ఆటోమేటిక్ బండి కొన్నవాడు ముందుగా అడిగేది అదే. తిరుపతి నుంచి పైకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. బండి, మనుషులు, సామాను కలిపి 2,500 కిలోలైతే, దాన్నంత ఎత్తుకు లేపడానికి 17 మెగాజౌళ్లు. పదహారు కిలోమీటర్ల దారిలో టైర్ల రాపిడికి ఇంకో 6. చక్రాలకు 23 అందాలంటే, దారిలో గేర్‌బాక్సు 15 శాతం మింగుతుందనుకుంటే, ఇంజిన్ 27 ఇవ్వాలి. మిగిలిన 4 మెగాజౌళ్లే గేర్‌బాక్సు వేడి. అరగంటలో ఎక్కితే సగటున 2.2 కిలోవాట్లు. అదనపు కూలర్ లేకుండానే ఏడుకొండలవాడి దర్శనం చేసుకోవచ్చు. అదే బండికి రెండు టన్నుల ట్రైలర్ తగిలిస్తే బరువు దాదాపు రెట్టింపు, లాకప్ పట్టు నిలవదు, జారుడు శాతమూ పెరుగుతుంది. అప్పుడు కూలర్ మాట ఎత్తడంలో అర్థముంది.

ట్రైలర్ లాగే పికప్పులు మన వైపు అరుదే. ఆ పని ఇక్కడ ట్రాక్టర్లది. టెక్సస్‌లో ఉండే మనవాళ్లకు మాత్రం ఇది ఇంటి సంగతి. వారాంతంలో పడవనో క్యాంపింగ్ బండినో లాక్కుపోవడం అక్కడ మామూలు. పికప్ కొనేటప్పుడు టోయింగ్ ప్యాకేజీ అడిగితే చాలా మోడళ్లలో అదనపు కూలర్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది.

వేడి వల్ల పోయేది ఏమిటో చెప్పే పాత పట్టిక ఒకటి అమెరికా గేర్‌బాక్సు షెడ్డుల్లో తరాలుగా చేతులు మారుతోంది. 80 డిగ్రీల దగ్గర నడిచే ఆయిల్‌కు లక్షా అరవై వేల కిలోమీటర్ల ఆయుష్షు. 90 దగ్గర 80,000. 100 దగ్గర 40,000. 113 దగ్గర 20,000. 124 దగ్గర 10,000. 135 దగ్గర 5,000. పది పదకొండు డిగ్రీలకొకసారి సగానికి సగం. 115 దాటితే ఆయిల్ లోపల జిగట పొర కడుతుంది, 127 దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, 146 దగ్గర క్లచ్ ప్లేట్లు జారతాయి అని కూడా ఆ పట్టికే చెబుతుంది. అది పాత మినరల్ ఆయిళ్ల కాలం నాటిది. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు అంత తేలిగ్గా లొంగవు, కాబట్టి కిలోమీటర్ల అంకెలను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. వేడి పెరిగిన కొద్దీ ఆయుష్షు సగాలు సగాలుగా పోతుందన్నది మాత్రం ఇప్పటికీ నిజమే.

అందుకే కూలర్ కొనకముందు కొనాల్సింది కొలిచే పరికరం. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించే చిన్న అడాప్టరు, ఫోన్లో ఒక యాప్, మన మోడల్ గేర్‌బాక్సు వేడిని చదవగలిగే సెట్టింగు. వాటితో మే నెలలో, ఏసీ వేసుకుని, మనం మోసే అత్యధిక బరువుతో, మనం పోయే అన్నిటికన్నా చెడ్డ దారిలో ఒకసారి పోయి చూడాలి. అంకె 100 లోపే ఉంటే కూలర్ దండగ. ఎప్పుడో ఒకసారి 110 తాకి వెంటనే దిగితే ఆయిల్ మార్చే గడువు తగ్గించుకుంటే సరిపోతుంది. 110, 115 మీద పావుగంట, అరగంట నిలిచిపోతుంటే అప్పుడు కూలర్ కొనొచ్చు.

కంపెనీ కూలర్ ఉండగా ఇంకొకటి ఎందుకంటే, తేడా అంతా ఎదురుగా ఉన్నదాని చల్లదనంలో ఉంది. చాలా బళ్లలో గేర్‌బాక్సు ఆయిల్ రేడియేటర్ అంచు ట్యాంకులోని చిన్న గొట్టం గుండా పోయి కూలెంట్‌కు వేడి ఇచ్చి వస్తుంది. ఆ కూలెంట్ వేడే 85 డిగ్రీల చుట్టూ. ఆయిల్ 105లో ఉంటే మధ్యనున్న తేడా 20 డిగ్రీలే. అదే ఆయిల్‌ను మింజూరు మే నెల గాలికి, 38 డిగ్రీలకు చూపిస్తే తేడా 67. మూడు రెట్లకు పైన. వేడిని తోసేది ఆ తేడాయే.

ఇక్కడే మన ఊరి ఎండ ఒక కోత పెడుతుంది. 15 డిగ్రీల గాలిలో ఆ తేడా 90 ఉండేది. 38లో 67. అంటే చల్లదేశంలో పని చేసినంతలో నాలుగో వంతు మన దగ్గర తగ్గుతుంది. చెన్నైలో 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజున తేడా 60కి దిగుతుంది. దిగుమతి కూలర్ల డబ్బాల మీద సామర్థ్యాన్ని పౌండ్లలో, బండి, సరుకు, ట్రైలర్ కలిసిన బరువుకు చెబుతారు. 10,000 పౌండ్లంటే 4,536 కిలోలు. ఖాళీ పికప్పే రెండు టన్నుల దరిదాపు ఉంటుంది కాబట్టి, మనుషులు, సరుకు, ట్రైలర్‌తో నాలుగు టన్నులు చేరేవాళ్లు మన ఎండను దృష్టిలో పెట్టుకుని పై సైజుకు పోవడం మంచిది. రకాల్లో, వంకర గొట్టానికి రెక్కలు తొడిగినదానికంటే పలకలు పేర్చినది అదే కొలతలో ఎక్కువ వేడి తీస్తుంది, ఆయిల్‌కు అడ్డం కూడా తక్కువ.

ఎక్కడ బిగించాలి? ఏసీ కండెన్సర్ వెనక పెడితే అప్పటికే కాగిన గాలి తగులుతుంది. కండెన్సర్ గాలిని 12 డిగ్రీలు పెంచితే 38 కాస్తా 50 అవుతుంది, 67 తేడా 55కు పడిపోతుంది. ముందు పెడితే కూలర్‌కు మంచిది, కానీ అది వదిలే వేడి కండెన్సర్‌కు పోయి ఏసీ మొరాయిస్తుంది. మింజూరు మే నెలలో ఏసీ సన్నగిల్లితే బండిలో ఉన్నవాళ్లు గేర్‌బాక్సు క్షేమం కోసం ఓర్చుకుంటారని నేననుకోను. ముందువైపే, కింది అంచున, కండెన్సర్ విస్తీర్ణంలో మూడో వంతు మించకుండా పెట్టడం నాకు సబబుగా కనిపిస్తుంది. రెండింటి మధ్య ఒక సెంటీమీటరు సందు ఉండాలి. కిట్టుతో వచ్చే ప్లాస్టిక్ పుల్లలను కండెన్సర్ రెక్కల్లోంచి దూర్చి కట్టేసే పద్ధతి చూడ్డానికి సులువు. మన రోడ్ల అదురుకు అవి రెక్కలను కోసేస్తాయి. ఇనుప పట్టీలు చేయించి ఛాసిస్‌కు బిగించడమే మేలు.

ఆయిల్ దారి ఇలా ఉండాలి: గేర్‌బాక్సు నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, తిరిగి గేర్‌బాక్సుకు. రేడియేటర్ మొదటి మోత దించుతుంది, కూలర్ చివరి డిగ్రీలు తీస్తుంది. తిప్పి కలిపితే చల్లబడ్డ ఆయిల్‌ను కూలెంట్ మళ్లీ వేడి చేసి పంపుతుంది. రెండు గొట్టాల్లో ఏది పోయేది, ఏది వచ్చేది అన్నది ఊహించకూడదు. చల్లగా ఉన్న బండిని స్టార్టు చేసి, కాసేపు గేర్లు మార్చి, రెండు గొట్టాల మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాలి. ముందు వేడెక్కేది గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చేది.

హోస్ విషయంలో పిసినారితనం పనికిరాదు. పెట్రోలు హోసు, నీళ్ల హోసు ఈ వేడికి ఆగవు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ కోసమే ఎస్‌ఏఈ జే1532 అని ముద్ర వేసి వచ్చే హోస్ ఉంటుంది, అదే అడగాలి. మడత పడితే ఆయిల్ ప్రవాహం తగ్గుతుంది. చాలా గేర్‌బాక్సుల్లో కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలే లోపలి గేర్లకూ బుష్‌లకూ తడి. అది సన్నగిల్లితే చల్లటి ఆయిల్ ఉండి కూడా గేర్‌బాక్సు ఎండిపోయి అరుగుతుంది. వేడికి పోయిన గేర్‌బాక్సులకు కూలర్ లేదని నింద పడుతుంది, కూలర్ బిగించిన తీరుకు పోయినవి ఎవరి లెక్కలోనూ పడవు.

బిగించాక ఆయిల్ కలపాలి. ఎంత? లోపలి వ్యాసం 9.5 మిల్లీమీటర్లున్న హోసు రెండు మీటర్లలో 142 మిల్లీలీటర్లు పడుతుంది. మామూలు సైజు కూలర్‌లో ఇంకో 300 నుంచి 500. మొత్తానికి అర లీటరు చుట్టుపక్కల. ఇప్పటి గేర్‌బాక్సులు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. బండిని సమంగా లేపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి చేరినప్పుడు కింది ప్లగ్గు తీసి, సన్నని ధార ఆగే దాకా చూడాలి. ఆ వేడి దాటాక చూస్తే ఆయిల్ ఉబ్బి ఉంటుంది, ఎక్కువైందని తీసేస్తాం, చల్లారాక తక్కువ అవుతుంది. ఎక్కువ పోసినా ముప్పే, నురగ కట్టి పంపు గాలి మింగుతుంది. బండికి చెప్పిన ఆయిల్ తప్ప ఎర్రగా ఉందని ఇంకొకటి కలపకూడదు.

పని కుదిరిందా లేదా అన్నది ఇంకో కొలత చెబుతుంది. కూలర్‌లో నిమిషానికి 8 లీటర్లు పారుతుంటే, బరువులో 6.8 కిలోలు. 20 డిగ్రీలు దించితే సెకనుకు 4.8 కిలోజౌళ్లు, అంటే 4.8 కిలోవాట్లు తీసినట్టు. బరువుతో నడిపి ఆపగానే కూలర్ లోపలికి వచ్చే మూతి దగ్గర 110, బయటి మూతి దగ్గర 90 కనిపిస్తే సంతోషించవచ్చు. తేడా 40 దాటితే మాత్రం సంబరపడొద్దు. ఆయిల్ సరిగా పారడం లేదనీ, ఉన్న కొంచెమే ఎక్కువసేపు నిలిచి చల్లబడుతోందనీ అనుమానించాలి.

మింజూరులో నేను కూలర్‌కంటే ఎక్కువగా పట్టించుకునేది నీళ్లు. 1960ల చివరి నుంచి మద్రాసు కోసం నీళ్లు తోడిన బావుల వరసల్లో మింజూరు ఒకటి. తోడిన కొద్దీ సముద్రపు ఉప్పు భూమిలోపల కిలోమీటర్ల మేర లోతట్టుకు జరిగింది. 2010లో కాట్టుపళ్లి దగ్గర రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్లు తీసే ఉప్పునీటి శుద్ధి ప్లాంటు మొదలైంది, కానీ బోరు నీళ్ల రుచి దానితో మారలేదు. ఆ బోరు నీళ్లే రేడియేటర్‌లో పోసే అలవాటు ఇంకా ఉంది. ఉప్పు, సున్నం చేరి ముందు వేడి తీసే శక్తిని తగ్గిస్తాయి. తర్వాత అంచు ట్యాంకులోని ఆయిల్ గొట్టాన్ని తినేస్తాయి. అది చిల్లు పడితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ గులాబీ రంగు పాలలా తేలితే ఆటోమేటిక్ గేర్‌బాక్సు క్లచ్ ప్లేట్ల అతుకు ఊడటం మొదలైనట్టే. అప్పుడు ఖర్చు లక్షల్లో ఉంటుంది. రేడియేటర్ ట్యాంకును పూర్తిగా తప్పించి గాలి కూలర్ ఒక్కటే పెట్టుకునేవాళ్లు ఈ భయంతోనే అలా చేస్తారు. చలి ఎరగని మన ఊళ్లో అది మరీ తెలివితక్కువ పనేం కాదు. కాకపోతే నిలబడ్డ బండికి గాలి ఉండదు, దానికి వేరే ఫ్యాను పెట్టాలి. రేడియేటర్ బాగుంటే, డబ్బా కూలెంట్ మాత్రమే పోస్తుంటే, రెండూ ఉంచుకోవడమే నా సలహా.

గాలి కూడా ఇక్కడ ఉత్తది కాదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు అత్తిపట్టు, వల్లూరు థర్మల్ కేంద్రాల బూడిద, ఎన్నూరు హార్బరు బొగ్గు ధూళి. వల్లూరు కేంద్రంలోనే 500 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. అల్యూమినియం రెక్కల సందుల్లో బూడిద, దాని మీద ఉప్పు తేమ చేరితే అది గట్టిపడుతుంది. నెలకోసారి మంచినీళ్లతో, తక్కువ ప్రెషర్‌తో, వెనక నుంచి ముందుకు కడగాలి. కార్ వాష్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి.

వరద సంగతి వేరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నీళ్లలో మునిగిన లేదా నడిచిన బళ్లకు గేర్‌బాక్సు పైనున్న బ్రీదర్ గొట్టం గుండా నీరు పోయే వీలుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్సు చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. ఆ ఆయిల్ మొత్తం మార్చాలి. కూలర్ పెట్టించిన బండిలో కూలర్ లోపల మిగిలిన ఆయిల్‌ను కూడా కొత్త ఆయిల్‌తో తోసి బయటికి తీయాలి, లేకపోతే ఆ అర లీటరు నీటి ఆయిల్ మళ్లీ లోపలికే పోతుంది.

చివరిగా వారంటీ. గొట్టాలు కోసి పెట్టిన కూలర్ తర్వాత గేర్‌బాక్సు చెడితే, అది కూలర్ వల్లే అని షోరూము వాదించడానికి వీలిచ్చినట్టే. వారంటీ ఉన్న బండికి 110 దాటుతున్న రీడింగులు ఫోన్లో దాచి, తేదీలతో సహా సర్వీసు సెంటర్లో కాగితం మీద ఫిర్యాదు రాయించడం ముందు చేయాల్సిన పని. వాళ్లు రేడియేటర్ పూడికో, ఫ్యాను లోపమో, లాకప్ పట్టకపోవడమో కనిపెడితే అసలు జబ్బు అదే. వారంటీ అయిపోయాక కూలర్ పెట్టించినా, మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి బండి కింద పడుకుని క్లాంపులన్నీ వేలితో తడిమి చూడాలి. కొత్త రబ్బరు వేడికి సర్దుకుని క్లాంపు ఒక చుట్టు వదులవుతుంది, ఎర్ర తడి మొదట కనిపించేది అక్కడే.